బొటనవేలు భద్రం!

ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. పిన్ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఏ లింకూ నొక్కలేదు. అసలు ఇంట్లో స్మార్ట్‌ఫోనే లేదు. అయినా బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు వేయించుకునేసరికి పదివేలు తక్కువ! ఆన్‌లైన్ మోసాలంటే కంప్యూటర్లు వాడేవాళ్ళ బాధ అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. కోనసీమ లంకలో కొబ్బరితోట మధ్య ఒంటరిగా ఉండే మామ్మగారి దాకా వచ్చేశాయి. ఆవిడ చేతిలో ఫోను లేకపోవచ్చు. బొటనవేలు ఉంది కదా!

ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక... పి.గన్నవరం మండలంలో గోదావరి పాయ అవతలున్న ఊళ్ళివి. జులైలో వరద తగిలి తాత్కాలిక బాట కొట్టుకుపోయిందంటే ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి పడవలనే నమ్ముకుని బతికారు. పొద్దున్నే రేవుకొచ్చి, పడవ దాటి, ఆటో ఎక్కి, గన్నవరంలో బ్యాంకు ముందు వరసలో నిలబడి, ఐదొందలు తీసుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. అలాంటి చోట ‘బ్యాంకే మీ ఊరికి వస్తుంది’ అంటే ఎవరికి చేదు? అరచేతిలో పట్టే యంత్రంతో బ్యాంకు మిత్ర వచ్చాడు. ఆధార్ నంబరు చెప్పి వేలు ఆనిస్తే చాలు, డబ్బు చేతికొస్తుంది. సంతకం అక్కర్లేదు. పాస్‌బుక్కు అక్కర్లేదు. ఏటీఎం కార్డు, పిన్, ఓటీపీ... ఏవీ అక్కర్లేదు. దీనినే ఏఈపీఎస్ అంటారు. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపుల విధానమన్నమాట.

నిజానికిది గొప్ప సదుపాయం. కాదనేవాళ్ళు లంకలో ఒక్క వానాకాలం ఉండి చూడాలి. చిక్కల్లా తాళంచెవి వేలికే అంటుకుని ఉండటం. ఏటీఎం కార్డు పోతే ఇంకోటి ఇస్తారు. పిన్ బయటపడితే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోవడం ఎవరి తరం? పైగా ఆ తాళంచెవి అచ్చును మన చేత్తో మనమే ఎన్ని కాగితాల మీద వేసి వచ్చామో లెక్కేలేదు.

దస్తావేజులో దొరికింది!

2018లో హైదరాబాద్ పోలీసులు ఓ వింత కేసును ఛేదించారు. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సెల్‌ఫోన్ దుకాణం నడుపుకునే ఒక యువకుడు వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఎవరెవరి పేర్ల మీదో చేతనం చేసేశాడు. ఆ పేర్లవాళ్ళెవరూ అతని దుకాణం గడప తొక్కలేదు. మరి వాళ్ళ వేలిముద్రలు ఎలా వచ్చాయి? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి! భూముల దస్తావేజుల నకళ్ళు అందులో ఉంటాయి. అమ్మినవాళ్ళవీ కొన్నవాళ్ళవీ ఫొటోలు, వేలిముద్రలు, ఆధార్ నంబర్లు వరసగా కనిపిస్తాయి. వాటిని దించుకుని, రబ్బరు స్టాంపులు తయారుచేసే పద్ధతిలోనే నకిలీ వేళ్ళు చేశాడు. అంత తెలివీ ఖర్చుపెట్టింది దేనికయ్యా అంటే... సిమ్‌ల అమ్మకాల్లో కంపెనీ పెట్టిన లక్ష్యం అందుకోవడానికి! అంత చిన్న పనికి అంత పెద్ద కన్నం.

ఆ కన్నంలోంచి ఇంకొకళ్ళు దూరతారని వేరే చెప్పాలా? 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఈసారి సిమ్‌లతో సరిపెట్టుకోలేదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి ముద్రలు సేకరించి, నకిలీ వేళ్ళతో ఏఈపీఎస్ ద్వారా వందమందికి పైగా ఖాతాదారుల డబ్బు లాగేసింది. పొలం అమ్ముకున్నందుకు, ఇంటి స్థలం కొనుక్కున్నందుకు, కూతురికి పసుపు కుంకుమ కింద రెండు కుంచాల భూమి రాసిచ్చినందుకు... సర్కారువారి కాగితం మీద నిజాయతీగా వేసిన ముద్రే దొంగ చేతికి తాళంచెవి అయింది. ఏకలవ్యుడిని గురువు బొటనవేలు అడిగి తీసుకున్నాడు. వీళ్ళు అడగను కూడా అడగలేదు.

తరవాత కొంత జాగ్రత్తపడ్డారు. బయటివారికి కనిపించే దస్తావేజుల్లో వేలిముద్రలనూ ఆధార్ నంబర్లనూ కప్పేయాలని కేంద్రం రాష్ట్రాలను కోరింది. యంత్రం మీద ఆనింది ప్రాణమున్న వేలా, రబ్బరు తునకా అని పసిగట్టే పరిజ్ఞానాన్ని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. యంత్రాలు పట్టుకుని తిరిగే ఏజెంట్ల పూర్వాపరాలు విచారించి, వాళ్ళ లావాదేవీల మీద కన్నేసి ఉంచాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బ్యాంకుల్ని ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దొంగ దారి ఇరుకైన మాట నిజం. కానీ 2023కి ముందు ఎవరెవరు ఎన్ని దస్తావేజుల నకళ్ళు దించుకుని దాచుకున్నారో ఎవరు చెప్పగలరు?

‘మళ్ళీ పెట్టండి మామ్మా...’

రబ్బరు వేళ్ళ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. అసలు వేలితోనే జరిగే మోసం ఇంకోటుంది. ఇది పల్లెటూళ్ళలో ఎక్కువ, కేసుల దాకా వచ్చేది తక్కువ. మామ్మగారు వెయ్యి రూపాయలు కావాలని వేలు పెట్టింది. ‘పడలేదు మామ్మా, చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెట్టండి’ అన్నాడు యంత్రం కుర్రాడు. పెట్టింది. ‘ఇవాళ సర్వర్ పనిచెయ్యట్లేదు, రేపు రండి’ అన్నాడు. ఆవిడ పొలం పనులు చేసి వేలి గీతలు అరిగిపోయిన మనిషి. ముద్ర పడకపోవడం ఆవిడకు మామూలే, అందుకే అనుమానం రాదు. కానీ మొదటిసారే పడింది, రెండోసారీ పడింది. డబ్బు అతని జేబులో పడింది. అందరు బ్యాంకు మిత్రలూ ఇలాంటివాళ్ళని కాదు. వరద నీళ్ళలో యంత్రం నెత్తిన పెట్టుకుని వెళ్ళి పనిచేసేవాళ్ళూ ఉన్నారు. అయితే మంచివాడికైనా సరే, రసీదు ఇవ్వడానికి అభ్యంతరం ఉండదు కదా! వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. పని జరగలేదన్నా సరే, ‘జరగలేదు’ అనే రసీదు అడగాలి. రెండోసారి వేలు పెట్టే ముందు మొదటి రసీదు చేతిలో ఉండాలి. చదువు రానివారైతే చదివి చెప్పే మనవడినో మనవరాలినో పక్కన పెట్టుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. ఖాతాలోంచి డబ్బు కదిలితే బ్యాంకు ఫోనుకు సందేశం పంపుతుంది. ఆ ఫోను నంబరే తప్పయితే? చాలామంది పెద్దవాళ్ళ ఖాతాల్లో ఎప్పుడో పదేళ్ళ కిందటి నంబరు ఉంటుంది. కొందరివాటిలో ఖాతా తెరిపించినవాడి నంబరే ఉంటుంది! దాంతో డబ్బు పోయిన సంగతి నెలల తరవాత పాస్‌బుక్కు చూపిస్తేగానీ తెలియదు. ఈ వారం బ్యాంకు పని మీద వెళ్తే ముందు అడగాల్సింది ఇదే: ‘మా అమ్మ ఖాతాకు ఏ నంబరు ఉందండీ?’

వేలికి తాళం వేయొచ్చు

వేలిని మార్చుకోలేం కానీ, తాళం వేయొచ్చు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ అనే సదుపాయం ఉంది. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది కొట్టి తాళం వేసేస్తే, తరవాత ఎవరు మీ ముద్ర పెట్టినా యంత్రం ఒప్పుకోదు, చివరకు మీరు పెట్టినా సరే! మీకు అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరుచుకోవచ్చు. కొద్ది నిమిషాల తరవాత తనంతట తనే మళ్ళీ పడిపోతుంది.

ఉద్యోగస్తులకు, ఏటీఎం కార్డు వాడేవాళ్ళకు, విదేశాల్లో ఉండి ఇక్కడ ఖాతా ఉన్నవాళ్ళకు ఇది కళ్ళు మూసుకుని చేయించుకోదగ్గ పని. కానీ ముసలివాళ్ళ విషయంలో ఆలోచించుకుని చేయాలి. పింఛను తీసుకోవాలన్నా, చౌకధరల దుకాణంలో బియ్యం తెచ్చుకోవాలన్నా వాళ్ళకు వేలిముద్రే గతి. తాళం వేసి కొడుకు హైదరాబాదు వెళ్ళిపోతే, ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది పింఛను పట్టుకొచ్చినప్పుడు ఆ వేలు పనిచేయదు. కాబట్టి ఆధార్‌కు ఉన్న ఫోను ఇంట్లోనే ఉండాలి, తెరవడం తెలిసినవాళ్ళూ ఇంట్లో ఉండాలి. అది కుదరదంటారా? ఇంకో మార్గముంది. పింఛను, రేషన్ వేలిముద్రకు వదిలేసి, బ్యాంకు ఖాతాలో మాత్రం ఏఈపీఎస్ ఆపమని రాతపూర్వకంగా అడగండి. కొన్ని బ్యాంకులు ఆపుతాయి. లేదా పెద్ద మొత్తాన్ని ఆ ఖాతాలో ఉంచకుండా డిపాజిట్ వేసేయండి.

జిరాక్స్ కాపీలు ఎక్కడెక్కడ?

మనిషి గుర్తింపు వేలిలోనే లేదు, కాగితాల్లోనూ ఉంది. ఆధార్ కాపీ ఒకటి, పాన్ కాపీ ఒకటి, రెండు ఫొటోలు... దేనికి దరఖాస్తు పెట్టినా ఇవి ఇవ్వాల్సిందే. సరిగ్గా రాని కాపీని జిరాక్స్ షాపులో బుట్టలో పడేసి వస్తాం. నెట్ సెంటర్ కుర్రాడి ఫోనుకు వాట్సాప్‌లో పంపుతాం. పని అయ్యాక ‘తీసెయ్యి బాబూ’ అని ఒక్కరమైనా అంటామా?

2022 మే నెలలో తమాషా ఒకటి జరిగింది. ఆధార్ కాపీలు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వొద్దంటూ ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఓ ప్రకటన చేసింది. దేశమంతా గగ్గోలు. రెండ్రోజుల్లోనే, ‘తప్పుగా అర్థం చేసుకునే అవకాశముంది’ అంటూ దాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్నా అందులో చెప్పిన ఉపాయం మాత్రం బంగారం లాంటిది. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ కార్డును అదే వెబ్‌సైట్ నుంచి తీసుకోవచ్చు. చాలా పనులకు అది చాలు. పూర్తి కాపీ తప్పనిసరైతే దాని మీద అడ్డంగా ‘గ్యాస్ కనెక్షన్ కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. అంతమాత్రాన దొంగ ఆగిపోతాడా అంటారేమో. ఆగిపోడు. కానీ పక్కింటి కాపీ తేలిగ్గా దొరుకుతుంటే మీది పట్టుకోడు.

మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో తెలుసుకునే వీలుంది. ఈ సదుపాయాన్ని టెలికాం శాఖ 2021లో మొట్టమొదట తెలుగు రాష్ట్రాల వారికే ఇచ్చింది. ఇప్పుడు ‘సంచార్ సాథీ’లో దేశమంతటికీ ఉంది. ఫోను నంబరు కొడితే జాబితా వస్తుంది. తెలియని నంబరుంటే ‘ఇది నాది కాదు’ అని అక్కడే చెప్పొచ్చు. అలాగే మీ పాన్ మీద మీకు తెలియని అప్పులేమైనా ఉన్నాయా అన్నదీ చూసుకోవచ్చు. 2022లో సినీతార సన్నీ లియోనీ తన పాన్ నంబరుతో ఎవరో రెండు వేల రూపాయల అప్పు తీసుకున్నారని, దాంతో తన పరపతి దెబ్బతిన్నదని వాపోయింది. అంత తారకే దిక్కులేదు, మనమెంత! సిబిల్ లాంటి పరపతి సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. పిల్లాడి చదువు కోసం అప్పుకు వెళ్ళిన రోజున తెలిసేకంటే ముందే చూసుకోవడం నయం.

అన్నట్టు, ఫోనులో సిగ్నల్ పోవడం మన దగ్గర వింతేం కాదు. కానీ ఇంట్లో అందరి ఫోన్లూ పనిచేస్తూ మీ ఒక్కరి సిమ్ మాత్రం గంటల తరబడి చచ్చిపడి ఉంటే వెంటనే కంపెనీని అడగండి. మీ నంబరు మీదే ఇంకొకళ్ళు కొత్త సిమ్ తీసుకుని ఉండొచ్చు. అదే జరిగితే ఓటీపీలన్నీ అటే పోతాయి.

‘ఆయ్, మారిందండి’

ఇక ఫోను మోసాలు. ఇవి రోజుకో వేషం వేస్తాయి. వేషం ఏదైనా కింద ఒక నిజం ముక్క ఉంటుంది. అందుకే నమ్ముతాం.

‘నమస్కారమండీ. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ బ్యాంకు పేరు మారింది కదండీ?’

‘ఆయ్, మారిందండి.’

‘పాత ఖాతాను కొత్త బ్యాంకులోకి మార్చాలండీ. లేకపోతే ఇవాళ సాయంత్రానికి ఆగిపోతుంది...’

మారిన మాట నిజమే మరి! 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1న చైతన్య గోదావరితో సహా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకయ్యాయి. బోర్డులు మారాయి, కోడ్‌లు మారాయి, పాస్‌బుక్కులు మారాయి. మోసగాడికి ఇంతకంటే పండగేముంటుంది? బ్యాంకులు కలిసినప్పుడు ఖాతాలు వాటంతటవే మారతాయి. దానికి ఓటీపీతో పనిలేదు. బ్యాంకులు తమ ఖాతాదారులకు చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలని, వాటి వెబ్‌సైట్ల చిరునామాలు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగియాలని ఇటీవల నియమాలు పెట్టారు. ఈ రెండూ గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. మామూలు పదంకెల నంబరు నుంచి ఫోను చేసి ‘మేనేజర్ని’ అంటే, ‘సరే, నేనే బ్యాంకుకు వస్తానండీ’ అని పెట్టేయండి. గన్నవరం ఎంత దూరం!

అంబాజీపేట కొబ్బరి వర్తకులకూ, కడియం నర్సరీలవాళ్ళకూ, భోజనాల కాంట్రాక్టర్లకూ ఇంకో రకం ఫోను వస్తుంటుంది. హిందీలో. ‘సైనికులం. వంద కాయలు కావాలి, వెయ్యి మొక్కలు కావాలి. డబ్బు ముందే పంపుతాం. మీరు ఈ గళ్ళ బొమ్మను స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకు? యూపీఐలో పిన్ కొట్టడమంటే మన జేబులోంచి తీసి ఇవ్వడమే. రావడానికి ఎన్నడూ పిన్ కొట్టక్కర్లేదు. ఇలాంటి మోసాల కోసమే వ్యక్తుల మధ్య ‘డబ్బు పంపు’ అని అడిగే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. గళ్ళ బొమ్మ మాత్రం ఇంకా ఉంది.

వాట్సాప్‌లో వచ్చే ‘ఏపీకే’ ఫైళ్ళది మరో కథ. పెళ్ళి శుభలేఖ అంటాడు, వాహనం చలానా అంటాడు, రైతుకు ప్రభుత్వం వేసే డబ్బు జాబితా అంటాడు. చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, ఫోనులోకి దూరే యాప్. వచ్చే ఓటీపీలను అది నేరుగా అవతలివాడికి చేరవేస్తుంది. మీకు తెలిసినవాళ్ళ నంబరు నుంచే వచ్చినా సరే, నమ్మకండి. వాళ్ళ ఫోను అప్పటికే దొంగ చేతిలో ఉండి ఉంటుంది.

అప్పుల యాప్‌లు ఇంకా క్రూరం. ఫోనులోని నంబర్లూ ఫొటోలూ ఊడ్చుకుపోయి, వాటితోనే పరువు తీస్తామని బెదిరిస్తాయి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు ఆడపిల్లల్ని వదిలి భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు. అదే నెలలో, అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలిచ్చింది. ఆ నిబంధన ఉందని తెలిసి, బెదిరింపు వచ్చిన రోజే ఇంట్లో చెప్పి పోలీసుల దగ్గరికి వెళ్ళాలి. తప్పు చేసింది అప్పు తీసుకున్నవాళ్ళు కాదు.

‘డిజిటల్ అరెస్టు’ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. ఏ పోలీసూ ఏ జడ్జీ వీడియో కాల్‌లో మనిషిని బంధించలేడు. 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పారు. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసులను సీబీఐకి అప్పగించింది. అయినా బాగా చదువుకున్నవాళ్ళే, రిటైరయిన పెద్ద ఉద్యోగులే ఇందులో పడుతున్నారు. ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది 2023లో రూ. 7,465 కోట్లు. 2024లో రూ. 22,845 కోట్లు!

ఖాతా అద్దెకిస్తారా?

ఇన్ని వేల కోట్లు ఎక్కడికి పోతున్నాయి? ముందుగా మనలాంటివాళ్ళ ఖాతాల్లోకే. దొంగ తన సొంత ఖాతాలో వేసుకోడు కదా! కాలేజీ కుర్రాళ్ళను పట్టుకుని, ‘నీ పేరున ఖాతా తెరిచి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చెయ్. నెలకింత ఇస్తాం’ అంటారు. పని లేకుండా డబ్బు! కానీ పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వచ్చేసరికి దొరికేది ఆ కుర్రాడే. ఖాతా ఆగిపోతుంది, కేసు పడుతుంది, ఉద్యోగమూ పాస్‌పోర్టూ వీసా అన్నీ ప్రశ్నార్థకమే. గల్ఫ్ దారి పట్టే కోనసీమ కుర్రకారుకు వీసా అంటే ఏమిటో చెప్పాలా?

వీసా అంటే గుర్తొచ్చింది. ఫోనులో అవతల మాట్లాడుతున్నవాడు కూడా కొన్నిసార్లు మన తెలుగు కుర్రాడే అయి ఉంటాడు, అదీ తన ఇష్టం లేకుండా. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మనవాళ్ళను కంబోడియా పంపిన ఏజెంట్ల ముఠాను విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, సాటి భారతీయులకే ఫోన్లు చేయించి మోసం చేయించారు. ఆ నెలలోనే సిహనౌక్‌విల్‌లో ఆ కుర్రాళ్ళు తిరగబడ్డారు. చాలామందిని వెనక్కి తీసుకొచ్చారు. మోసపోయినవాడూ, మోసం చేసినవాడూ ఇద్దరూ గోదావరికి ఇటూ అటూ ఉన్నవాళ్ళే కావచ్చు. ఆ సంపాదన మాత్రం ఎక్కడికో పోయింది.

పోయిన మొదటి గంట

ఇన్ని జాగ్రత్తలు పడ్డా పోవచ్చు. అప్పుడేం చేయాలి? సిగ్గుపడకూడదు, ఆలస్యం చేయకూడదు. 1930కి ఫోను చేయాలి. కూడబలుక్కుని, అల్లుడొచ్చాక, సోమవారం బ్యాంకు తెరిచాక అనుకుంటే అయిపోయినట్టే. దొంగ ఖాతాలో పడ్డ డబ్బు నిమిషాల్లో రెండో ఖాతాకు, అక్కడి నుంచి మూడోదానికి పాకుతుంది. 1930లో ఫిర్యాదు నమోదైతే ఆ గొలుసులో డబ్బు ఎక్కడుందో ఆ బ్యాంకుకు వెంటనే సమాచారం వెళ్ళి, అక్కడ ఆపే ప్రయత్నం చేస్తారు. ఎంత తొందరగా చెబితే అంత మిగిలే అవకాశం. ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, సందేశంలో వచ్చిన లావాదేవీ సంఖ్య... ఇవి దగ్గర పెట్టుకుని చేయండి. తరవాత బ్యాంకుకు రాసివ్వండి. రాసిచ్చిన కాగితం నకలు మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. ఆ తేదీకి చాలా విలువుంది.

ఎందుకంటే 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో లెక్కంతా రోజుల మీదే నడిచింది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు నష్టమే ఉండకూడదు. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఇంకెవరిదో అయితే, బ్యాంకు సందేశం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ళకు పైసా నష్టం ఉండకూడదని అంది. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు పొదుపు ఖాతాదారు మీద పదివేలకు మించి భారం పడకూడదు. ఏడు దాటితే బ్యాంకు దయ. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాలో జమ చూపాలనీ, తొంభై రోజుల్లో తేల్చాలనీ కూడా అంది. నకిలీ వేలిముద్రతో పోయిన డబ్బులో మామ్మగారి తప్పు ఏముంది? రిజర్వు బ్యాంకు నిబంధనల పేరు చెప్పి అడగండి. అదే మన నోటితో ఓటీపీ చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదేనని ఆ ఉత్తర్వు అంది. చెప్పాక పోయింది మాత్రం బ్యాంకుది.

బ్యాంకువాళ్ళు పట్టించుకోకపోతే నెల చూసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. ఈ మధ్యలో ‘మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి’ అంటూ ఇంకో ఫోను వస్తుంది. అది రెండో దొంగ. ఒక్కోసారి మొదటివాడే.

కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేసే కూతురు నెలనెలా పంపే డబ్బు ఊళ్ళో అమ్మ ఖాతాలో పడుతుందనుకోండి. ఆ ఒక్క ఖాతానే పింఛనుకూ, గ్యాస్ రాయితీకీ, వేలిముద్రకూ, ఫోనులో చెల్లింపులకూ అన్నిటికీ వాడితే ఒక్క కన్నంతో అంతా ఖాళీ. గన్నవరం అక్విడక్టు చూశారు కదా, కింద వైనతేయ పారుతుంది, పైన కాలవ పారుతుంది, రెండూ కలవవు. అలాగే రెండు ఖాతాలు పెట్టండి. ఆధార్ తగిలించినది ఒకటి, దాంట్లో నెల ఖర్చుకు సరిపడా. రెండోదానికి ఏటీఎం కార్డు, యూపీఐ, ఏఈపీఎస్ ఏవీ వద్దని బ్యాంకులో రాసివ్వండి. కూతురు పంపేది అందులో పడాలి. సందేశాలు వచ్చే నంబరు ఇంట్లో రోజూ చూసే మనిషిదై ఉండాలి. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు అమ్మాయిని ఒక పూట బ్యాంకులో కూర్చోబెట్టి ఈ పని చేయించుకోండి. అంతవరకూ ఆగలేమంటే, పాస్‌బుక్కూ ఆధార్ కార్డూ పట్టుకుని మీరే వెళ్ళొచ్చు. ఫారం అడిగితే ఇస్తారు.